జర్మనీలో తొలి క్రిస్మస్: కిటికీకి కాగితపు నక్షత్రం

జర్మనీకి కొత్తగా వచ్చిన మన కుటుంబాలు నవంబరు నెలలో తరచూ అడిగే సందేహం ఒకటుంది. ఇరుగుపొరుగు కిటికీల నిండా నక్షత్రాలు వెలుస్తున్నాయి, పిల్లల కిండర్‌గార్టెన్‌లోనూ అవే చేయిస్తున్నారు, మరి వీటిని ఇంట్లో చేసుకోవడం మనవల్ల అవుతుందా అని. తప్పకుండా అవుతుంది. అయితే చాలామంది అన్నిటికన్నా కష్టమైన నక్షత్రాన్ని ముందు పట్టుకుని, సగంలో విసిగి వదిలేస్తున్నారు.

ఆ కష్టమైనది ఫ్రోబెల్ నక్షత్రం. 1840లో తన బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ పేరుతో చెలామణి అవుతున్న ఈ 16 కొసల నక్షత్రాన్ని, జిగురు లేకుండా, నాలుగు కాగితపు పట్టీలను ఒకదానిలో ఒకటి దూర్చి అల్లుతారు. పట్టీ పొడవు వెడల్పుకు దాదాపు 30 రెట్లు ఉండాలి కనుక ఏ4 కాగితాన్ని పొడవునా ఒక్కో సెంటీమీటరు వెడల్పున కోస్తే లెక్క సరిపోతుంది గాని, అంత సన్నని పట్టీలతో కొత్తవారికి వేళ్లు తిరగవు. దీన్ని వచ్చే ఏటికి వాయిదా వేయడమే మేలు.

మొదటి ఏడాదికి కిటికీ అద్దం మీద అంటించే నక్షత్రం చాలు. దీనికి మామూలు రంగు కాగితం పనికిరాదు, వెలుతురు కాగితం గుండా ప్రసరించాలి. దుకాణంలో 'ట్రాన్స్‌పరెంట్‌పపీర్' అని అడిగితే మన గాలిపటం కాగితంలాంటి పలుచని రంగు కాగితం ఇస్తారు. 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు ఎనిమిది కోసుకుని, ఒక్కొక్కదాన్ని మూల నుంచి ఎదుటి మూలకు మడిచి విప్పితే నడుమ గీత పడుతుంది. ఆ గీతకు ఒక కొసన ఉన్న మూలలో కలిసే రెండు అంచులనూ గీత మీదికి చేర్చి మడిచి, గోటితో గట్టిగా నొక్కాలి. అప్పుడు వచ్చే ఆకారంలో సన్నని కొస బయటికి, వెడల్పు మూల మధ్యకు ఉండేలా పరిచి, ప్రతి ముక్క అంచూ దాని ముందరి ముక్క నడిమి గీతకు సరిగ్గా ఆనేలా అంటిస్తూ పోవాలి. ఎనిమిదోది మొదటిదాని కిందికి పోతుంది. జిగురు చుక్కంతే చాలు, ఎక్కువైతే వెలుతురులో మరకై కనిపిస్తుంది. పొరలు ఒకదానిపై ఒకటి పడినచోట రంగు చిక్కబడి, ఏ బొమ్మా గీయకుండానే లోపల మరో నక్షత్రం ఏర్పడడమే దీని అందం. పగలు లోపలివారికి, డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడ్డాక దీపం వెలిగిన గది కిటికీలో బయటివారికి ఇది కనువిందు చేస్తుంది.

చిన్నపిల్లలకు మడతలు కుదరకపోతే, సూపర్‌మార్కెట్‌లో దొరికే, రొట్టె పెట్టుకునే కాగితపు సంచులను ఏడెనిమిది తీసుకుని, ప్రతి సంచి మీదా అడుగున అడ్డంగా, నడుమ నిలువుగా జిగురు రాసి ఒకదానిపై ఒకటి పేర్చండి. ఆరాక, తెరిచి ఉన్న వైపును కోసుగా కత్తిరించి, విసనకర్రలా విప్పి, చివరి సంచిని మొదటిదానికి అంటిస్తే సరి. మధ్యలో ఖాళీ మిగిలితే మరో సంచి చేర్చవచ్చు.

కోస్తాలోని క్రైస్తవ కుటుంబాలనుంచి వచ్చినవారు, ఊళ్లో ఇంటి ముందు కట్టే వెదురుబద్దల స్టార్‌కు ఇక్కడ సమానమైనదేమిటని అడుగుతారు. సాక్సనీ రాష్ట్రంలోని హెర్న్‌హుట్ పట్టణంలో తయారయ్యే 25 కొసల కాగితపు నక్షత్రమే దానికి దగ్గరిది, కానీ అది ఇంట్లో కత్తెరతో తేలే పని కాదు, కొనుక్కోవలసిందే.

కాగితపు అలంకరణల దగ్గర కొవ్వొత్తి పెట్టకుండా చిన్న ఎల్‌ఈడీ దీపాలే వాడండి. అద్దె ఇంట్లో మేకులు కొట్టకుండా, తేలిగ్గా ఊడివచ్చే టేపుతో అంటించండి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలమైన అడ్వెంట్‌లో మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. ఆ రోజుకు నక్షత్రం అంటించాలనుకుంటే, ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక కాగితం, జిగురు శనివారంలోగా తెచ్చుకోవాలి. జనవరి 6 తర్వాత చాలా ఇళ్లలో వీటిని తీసేస్తారు. అప్పుడు పాడైనవాటిలో మెరుపుపొడి, రేకు అద్దినవాటిని కాగితాల డబ్బాలో వేయకుండా మిగతా చెత్తలో వేయండి.