విమానం ముందు, వేషం తర్వాత

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఈ దసరాకి కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, నా వాటాగా నెలకు 40,000 తీసుకుందామని మాట్లాడుకున్నాం. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు, చేతికి 82,000 వస్తుంది. ఇంటి ఖర్చు 75,000. సొంత ఇల్లు, అప్పులు లేవు. అమ్మాయి బీటెక్ మూడో ఏడు, అబ్బాయి ఇంటర్. మా అమ్మకు 81, రేపల్లె దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. డిపాజిట్లు 48 లక్షలు (అన్నీ ఒక సహకార బ్యాంకులోనే), మ్యూచువల్ ఫండ్లు 22, పీపీఎఫ్ 14, రైతుల దగ్గర బాకీలు 35, వెరసి కోటీ పంతొమ్మిది లక్షలు. కాలేజీ రోజుల్లో నాటకాలు వేసేవాణ్ణి. 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగినప్పుడు రోజూ వెళ్లి చూశాను, పాత పిచ్చి మళ్లీ పట్టుకుంది. ఆ మరుసటేడు నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర సీప్లేన్ నీళ్లమీంచి లేవడం చూశాక, చిన్నప్పటినుంచీ ఉన్న ఇంకో కోరిక కూడా లేచి కూర్చుంది. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు హైదరాబాదు వైపు ఒక శిక్షణ సంస్థ గంటకు 14,500 చొప్పున 40 గంటలకు 5,80,000 అవుతుందని చెప్పింది. నాటకం చవక కాబట్టి ముందు అది మొదలుపెట్టి, విమానం సంగతి పిల్లల బాధ్యతలు తీరాక, 60 దాటాక చూద్దామనుకుంటున్నాను. ఇద్దరు మిత్రులు ముగ్గురం కలిసి పాత మైక్రోలైట్ (తేలికపాటి చిన్న విమానం) కొనేద్దాం అంటున్నారు. ఇంట్లో వాళ్లకు కూడా కాస్త టైమివ్వాలి. ఏమంటారు?

జవాబు: ముందు మీ లెక్క సరిచేద్దాం. మీ దగ్గరున్నది కోటీ పంతొమ్మిది కాదు, 84 లక్షలు. రైతుల దగ్గరున్న 35 లక్షలు పోయాయని అనడం లేదు. వస్తాయి, కొన్ని ఈ సీజన్లో, కొన్ని వచ్చే సీజన్లో, కొన్ని ఎప్పుడో. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించిన రోజుల్లో మీ కొట్టుకి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయో, ఎంత బాకీ జమ అయిందో మీకే తెలుసు. అలాంటి డబ్బు మీద సరదాలకు తేదీలు వేసుకోకూడదు.

పైగా కొట్టు తమ్ముడి చేతికి వెళ్తోంది. ఈ 35 లక్షల్లో మీవి ఎన్ని, కొట్టువి ఎన్ని? వసూలైతే ఎవరి ఖాతాలో పడాలి, మొండిబాకీ అయితే ఎవరు భరించాలి? ఇది దసరాకి ముందే ఒక కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటి అని మీకు అనిపిస్తుంది, నాకూ తెలుసు. మీ ఇద్దరి మాట సరే, రేపు మీ పిల్లలూ వాళ్ల పిల్లలూ లెక్క అడిగినప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది. ప్రోనోట్లు ఉంటే తేదీలు చూడండి. మూడేళ్లు దాటనిస్తే కోర్టులో నిలబడవు. గడువు దాటకముందే కొంత జమ వేయించి సంతకం తీసుకోవడమో, తిరగరాయించడమో మీకు కొత్తగా నేను చెప్పాలా!

ఇక అసలు విషయం. ఖర్చు తక్కువైనది ముందు, ఎక్కువైనది తర్వాత అని మీరు వరుస పెట్టారు. దాన్ని తిరగెయ్యమంటాను. నాటకం మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోదు. డెబ్భైలో కూడా తాత వేషం ఉంటుంది, గొంతు బాగుంటే భీష్ముడి వేషమూ ఉంటుంది. విమానం అలా కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు క్లాస్ 2 మెడికల్ అనే ఆరోగ్య పరీక్షలో పాస్ చేస్తేనే మిమ్మల్ని ఒంటరిగా పైకి పంపుతారు. ఇవాళ మీ బీపీ, షుగరు, చూపు, ఇసీజీ ఎలా ఉన్నాయో అరవై తర్వాత అలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వరు. యార్డులో ముప్పై ఏళ్లు మిరప ఘాటు పీల్చిన ఊపిరితిత్తులు మీవి.

అందుకని శిక్షణ సంస్థకు పైసా కట్టకముందే మెడికల్ చేయించుకోండి. అయ్యేది కొన్ని వేలు. ఫెయిలైతే ఆరు లక్షల కల అక్కడితో ఆగుతుంది, బాధగా ఉంటుంది, కానీ డబ్బు మిగులుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ముందు అడ్వాన్సు కట్టేసి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తారు.

5,80,000 అన్నది 40 గంటల లెక్క. ఆ 40 గంటలు నిబంధన అడిగే కనీసం. వారానికో పదిరోజులకో ఒకసారి గుంటూరు నుంచి వెళ్లి ఎగిరే యాభై నాలుగేళ్ల మనిషికి అంతలో పూర్తికావడం కష్టం. రెండు వారాలు దూరమైతే, తర్వాతి పాఠంలో సగం పాతది గుర్తుచేసుకోవడానికే పోతుంది. ఇంకో పది గంటలు కలుపుకోండి, 1,45,000. గ్రౌండ్ క్లాసులు, పరీక్షలు, మెడికల్, లైసెన్సు ఫీజులకు ఒక 60,000 అనుకుందాం. రానుపోనూ ఐదువందల కిలోమీటర్లు పైచిలుకు ప్రయాణం, అక్కడ గది, మబ్బు పట్టి ఎగరకుండా తిరిగొచ్చిన రోజులు, వీటన్నిటికీ 1,20,000 ఎక్కువేం కాదు. మొత్తం 9,05,000 తేలింది. మీరు 9 లక్షలు పక్కన పెట్టుకోండి, దాటితే ఆగి ఆలోచించుకోండి.

డబ్బు ఒకేసారి కట్టవద్దు. డిస్కౌంటు ఇస్తామంటారు, ఆశపడొద్దు. ట్రైనింగు విమానం ఒకటి షెడ్డులో పడితే నెలల తరబడి క్లాసు ఉండదు, మీ డబ్బు మాత్రం వాళ్ల ఖాతాలో ఉంటుంది. ఐదు గంటలకు కట్టి, ఎగిరి, మళ్లీ ఐదు గంటలకు కట్టండి. రేటులో పెట్రోలు, ఇన్‌స్ట్రక్టరు, ల్యాండింగ్ చార్జీలు, పన్ను కలిసే ఉన్నాయా, తిరిగిచ్చే నిబంధన ఏమిటి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

మైక్రోలైట్ మాట మర్చిపోండి. కొనే ధర ఒక్కటే మీ మిత్రులకు కనిపిస్తోంది. దాన్ని ఎక్కడ నిలుపుతారు? రిజిస్ట్రేషను, ఎగరడానికి తగినదేనన్న సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు, ఏటా తనిఖీ చేసే ఇంజినీరు, ఇవన్నీ ఎగిరినా ఎగరకపోయినా తప్పవు. ముగ్గురిలో ఒకరు తప్పుకుంటే మిగతా ఇద్దరూ వాటా కొనాలి. గంటకింత అని అద్దెకు తీసుకోండి, ఇంటికొచ్చేయండి. లైసెన్సు వచ్చాక నెలకో గంట ఎగిరినా ఏడాదికి 1,74,000 అవుతుంది. ప్రైవేటు లైసెన్సుతో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు కాబట్టి ఆ ఖర్చులో రూపాయి కూడా వెనక్కి రాదు. ఆ మొత్తం మీ 40,000 వాటాలోంచే వెళ్లాలి, డిపాజిట్లలోంచి కాదు.

ఇన్సూరెన్సు కాగితాలు ఈ వారమే బయటికి తీయండి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: టికెట్టు కొన్న ప్రయాణికుడిగా తప్ప ఇంకే రకంగా విమానంలో ఉన్నా పరిహారం వర్తించదని. అంటే మీరు కంట్రోళ్ల ముందు కూర్చున్న క్షణం నుంచి అది చిత్తుకాగితం. టర్మ్ పాలసీ ఉంటే, శిక్షణలో చేరుతున్నట్టు కంపెనీకి ఉత్తరం రాసి, జవాబు రాతలో తెప్పించుకోండి. ప్రీమియం పెంచుతామంటే పెంచనివ్వండి. శిక్షణ సంస్థ ఇన్సూరెన్సులో ట్రైనీకి ఎంత వస్తుందో కూడా అడగండి. ఆ అంకె మీ ఆవిడకు కూడా చెప్పండి. ఆవిడకు తెలియకుండా ఎగిరే ఆలోచన ఉంటే ఈ జవాబు ఇక్కడితో చదవడం ఆపేయండి.

నాటకం సంగతి నాకు కాస్త దగ్గరిది. మా నాన్న గుమాస్తా. పద్యం బాగా పాడేవారు. కృష్ణుడి వేషం అంటే ప్రాణం. డ్రెస్సు, కిరీటం, భుజకీర్తులు సొంతంగా చేయించుకున్నారు, పీఎఫ్ అడ్వాన్సు తీసి మరీ. ఆ ట్రంకుపెట్టె ఇప్పటికీ మా అటక మీద ఉంది. కిరీటం అద్దాలు రాలిపోయాయి, పట్టుబట్ట మడతల్లో చీలిపోయింది. మూత తెరిస్తే నాఫ్తలీన్ ఉండల వాసనతో పాటు, ఎక్కడో అట్టడుగున, మేకప్ రంగు వాసన. మా అమ్మ ఆ పెట్టెను ఏనాడూ తిట్టలేదు, తుడిచేది కూడా కాదు. కాబట్టి మీకు చెప్పేది: డ్రెస్సులు, సెట్టు సామాను అద్దెకే. ఏడాదికి మూడు ప్రదర్శనలకు కొనుక్కోవడం దండగ.

పరిషత్తు నాటికల్లో, అంటే పరిషత్తులు పెట్టే పోటీల కోసం వేసే నాటికల్లో, అసలు గండం వేరే ఉంది. నాటక సమాజంలో అందరికంటే నాలుగు రాళ్లున్న మనిషి ఎవరో వాళ్లకు మొదటి రిహార్సల్ నాడే తెలిసిపోతుంది. మీరు కొట్టు యజమాని. “అన్నయ్యా, లైటింగ్ వాళ్లకు ముందు నువ్వు కట్టెయ్, పరిషత్తు వాళ్ల పారితోషికం రాగానే ఇచ్చేస్తాం” అంటారు. తర్వాత నటీమణుల పారితోషికం, డైరెక్టరుకు కవరు, వ్యాను కిరాయి. మోసం చేద్దామని కాదు, వాళ్లకూ లేక. ఆరు నెలలు తిరిగేసరికి మీరు నటుడిగా చేరి నిర్మాతగా తేలతారు. ఏడాదికి 75,000 నా వాటా అని మొదటి రోజే చెప్పి, అది సమాజం ఖాతాలో రెండు విడతలుగా వేసేయండి. చేబదులు అన్న మాట వస్తే మీ ఆవిడ పేరు చెప్పండి. అది అబద్ధమే అయినా అనుమతిస్తున్నాను.

ఇంట్లో వాళ్లకు టైమివ్వాలని ప్రశ్న చివర ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను దాన్ని డబ్బుతో మొదలుపెడతాను. మీ అమ్మగారి పేరిట సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు వేయండి. మీకు వయసు చాలదు, ఆవిడకు ఉంది. ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 ఆవిడ ఖాతాలో పడుతుంది. మనిషిని పెట్టుకోవడానికి, మందులకు కొడుకుని అడగక్కర్లేదు. ఏడాది వడ్డీ లక్ష దాటుతోంది కాబట్టి, పన్ను కోయకుండా ఏటా ఏప్రిల్‌లో డిక్లరేషన్ ఇప్పించండి. ఒక హెచ్చరిక: ఆ డబ్బు ఆవిడకు ఇచ్చేశాక ఆవిడదే. నామినీగా మీ పేరున్నా, వీలునామా లేకపోతే వారసులందరికీ హక్కు ఉంటుంది. తమ్ముడితో ముందే అనుకోండి, అదే కాగితంలో ఇదొక పేరా.

మిగిలిన 33 లక్షల్లో 9 విమానానికి, 12 అబ్బాయి చదువుకు, 9 ఏడాది ఇంటి ఖర్చుకు అత్యవసర నిధిగా, 3 మీ ఆవిడ ఎక్కడికి వెళ్దామంటే అక్కడికి. ఫండ్లు, పీపీఎఫ్ అమ్మాయి కోసం ముట్టుకోకుండా ఉంచండి. ఫండ్లను మాత్రం అవసరం రెండేళ్ల దూరంలోకి రాగానే కొద్దికొద్దిగా డిపాజిట్లలోకి మార్చుకోండి.

48 లక్షలూ ఒకే సహకార బ్యాంకులో అన్నారు, చదివి ఒక క్షణం ఆగాను. డిపాజిట్ ఇన్సూరెన్సు ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. అరశాతం వడ్డీ కోసం మిగతాదంతా గాల్లో పెట్టారు, ఇంకా విమానం ఎక్కకుండానే. గడువు తీరినవి తీరినట్టు వేరే బ్యాంకులకు, పోస్టాఫీసుకు పంచండి.

క్యాలెండరు మీకు అనుకూలంగానే ఉంది. కొత్త కాయ జోరందుకునేది సంక్రాంతి తర్వాత. అప్పటినుంచి ఏప్రిల్ దాకా తమ్ముడికి మీరు పక్కన ఉండాల్సిందే, కనీసం మొదటి ఏడాది. వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకాశం తేటగా ఉంటుంది, కొట్టులో పని పల్చగా ఉంటుంది. ఆ మూడు నెలలూ విమానానికి. యార్డు వేసవి సెలవులు, మీ ఆవిడ బడి సెలవులు మేలో కలుస్తాయి. ముప్పై ఏళ్లలో ఆ నెల ఎన్నిసార్లు పాత బాకీల కోసం ఊళ్లు తిరగడానికి వాడారో ఆవిడకు గుర్తుంటుంది. వచ్చే మేలో పరిషత్తులు పిలిచినా వెళ్లకండి. రిహార్సల్స్ వానాకాలంలో పెట్టుకోండి, అప్పుడు ఎగరడానికీ లేదు, కొత్త కాయా రాదు.

మెడికల్ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి. తమ్ముడితో రాసుకున్న కాగితం నకలు కూడా జతచేయండి, చూసి చెబుతాను.