బేస్ గిటార్‌కు పవర్డ్ బాక్సు సరిపోతుందా: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బేస్ గిటార్ కోసమే చేసిన బేస్ ఆంప్ కొనాలా, లేక లోపలే ఆంప్ ఉన్న ఒక పవర్డ్ స్పీకర్ బాక్సు కొని బేస్‌ను అందులోనే వాయించుకోవాలా అని అడిగావు. పవర్డ్ స్పీకరే కొను. అయితే దాని ముందు మంచి ప్రీఆంప్, అంటే గిటార్ ధ్వనిని బాక్సుకు వెళ్లేముందు బలపరిచి దిద్దే పరికరం, లేకుండా మాత్రం కొనకు. ఉన్న డబ్బంతా బాక్సుకే పోసేసి గిటార్ వైరును నేరుగా దాని వెనుక గుచ్చావంటే, వారం తిరగకుండానే నీ వాయిద్యం మీద నీకే విసుగు పుడుతుంది.

నువ్వు తిరిగే చోట్లు తలచుకునే ఈ మాట అంటున్నాను. ఆదివారం చర్చి, మాఘమాసంలో పెళ్లి పందిళ్లు, డిసెంబరు పొడుగునా క్రిస్మస్ కార్యక్రమాలు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నరసాపురంలో దిగి, ఆటోలోకి సామాను మార్చుకునే వాడివి నువ్వు. పేరున్న బేస్ ఆంపే చూడు: 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ, 300 వాట్ల వాల్వ్ (గాజు ట్యూబుల) ఆంప్. దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె. ఆ ధ్వని అంటే నాకు ఈనాటికీ ప్రాణం. కానీ ఆ పెట్టెను ఒక్కడివీ ఎత్తలేవు. పన్నెండు అంగుళాల స్పీకర్ ఉన్న ప్లాస్టిక్ బాక్సు 15 నుంచి 18 కిలోలు ఉంటుంది, ఒంటి చేత్తో మోసుకుపోవచ్చు. నువ్వు వాయించని రోజున అదే బాక్సు పాటకో ప్రసంగానికో పనికొస్తుంది. బేస్ ఆంప్‌కు ఆ గుణం లేదు.

ఇప్పుడు అసలు తేడా విను. బేస్ ఆంప్ కూడా ఒక వాయిద్యమే. దాని ప్రీఆంప్, దాని స్పీకర్లు నీ తీగల ధ్వనిని తమ పద్ధతిలో మలుస్తాయి. పైస్థాయి ధ్వనిని పలికే హారన్ లేని పది, పన్నెండు అంగుళాల బేస్ స్పీకర్లు సుమారు 4, 5 వేల హెర్ట్జ్ దాటాక పైస్థాయి ధ్వనిని వదిలేస్తాయి. మనం ఇష్టపడే గుండ్రటి బేస్ చాలావరకు అలా పుట్టిందే. పవర్డ్ బాక్సులో హారన్ ఉంటుంది. అది 18 వేల హెర్ట్జ్ వరకూ పలుకుతుంది కాబట్టి వేలి రాపిడి, ఫ్రెట్ మీద తీగ చిటపట, వైరులోని బుస అన్నీ సభలోకి వచ్చేస్తాయి. కాబట్టి బాక్సులోకి వెళ్లేలోపే నీ ధ్వని తయారై ఉండాలి. ప్రీఆంప్ పెడల్‌లో స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే ఏర్పాటు ఉంటే అది ఆన్ చెయ్యి. లేకపోతే 5 వేల హెర్ట్జ్ పైన కోసెయ్యి. పైన నునుపుగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకున్నా సగం సమస్య తీరుతుంది. ఆరాధన పాటలకు అవి నాకు మరీ ఇష్టం.

నేరుగా గుచ్చవద్దని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. నీ గిటార్‌లో బ్యాటరీ లేదు, తీగల కదలికను పట్టే పికప్ పాసివ్. దానికి ఎదురుగా పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఉండాలి. బాక్సు వెనుక లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10, 20 వేల ఓమ్‌లే. అక్కడ గుచ్చితే పికప్ మీద భారం పడి ధ్వని మొద్దుబారిపోతుంది, బలం కూడా తగ్గుతుంది. కొన్ని బాక్సులకు గిటార్ కోసం ప్రత్యేకమైన మీట ఉంటుంది. లేనివాటికి డీఐ, అంటే గిటార్ సిగ్నల్‌ను బాక్సుకు, మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె, తప్పనిసరి. ప్రీఆంప్‌లోనే డీఐ కలిసి ఉన్నది చూసుకుంటే ఒక్క సామానుతో పని అయిపోతుంది. మూడు పిన్నులుండే దాని ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు ఈరోజు నీ బాక్సుకు, రేపు మైక్ సెట్ వాళ్ల మిక్సర్‌కు.

బాక్సు ఎంపికలో నీకు పడే వల వాట్ల సంఖ్య. పెట్టె మీద 2000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది క్షణకాలపు పీక్. నిలకడగా ఇచ్చేది అందులో సగమో, అంతకంటే తక్కువో. పైగా వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అంత పెద్ద తేడాగా తోచదు. వాట్లు పక్కన పెట్టి కింది స్థాయి ఎంతవరకు దిగుతుందో చూడు. వేలు పెట్టకుండా మీటితే నీ ఇ తీగ 41 హెర్ట్జ్. ఐదు తీగల గిటార్‌లో కింది బి 31. పాట డి శ్రుతిలో ఉంటే ఆ ఐదో తీగ మీద పట్టే కింది డి సుమారు 37. వివరాల కాగితంలో 50 హెర్ట్జ్ అని ఉంటే అది మామూలు స్థాయి కంటే 3 డెసిబెల్స్ తగ్గిన చోటా (మైనస్ 3), 10 తగ్గిన చోటా (మైనస్ 10) అని చదువు. మైనస్ 10 అంటే ఆ స్వరం అప్పటికే సన్నబడిపోయిందన్నమాట. మూలస్వరం పూర్తిగా రాకపోయినా దాని రెట్టింపు 82 హెర్ట్జ్ బలంగా వినబడితే చెవి దాన్ని ఇ గానే పట్టుకుంటుంది కాబట్టి భయపడకు. మంచి బేస్ ఆంప్‌లు చాలా వరకు ఈ ఆధారంతోనే నిలబడ్డాయి. అయినా నీకు ఐదు తీగల ఆలోచన ఉంది కనుక 15 అంగుళాలదే తీసుకో.

దుకాణంలో మెల్లగా పెట్టి వినిపించే బేస్‌ను నమ్మవద్దు. ఈనాటి బాక్సులు చాలావాటిలో ఉండే, ధ్వనిని దిద్దే డీఎస్‌పీ చిప్ తక్కువ శబ్దంలో కింది స్థాయిని తానే పెంచి చూపిస్తుంది. శబ్దం పెంచిన కొద్దీ స్పీకర్‌ను కాపాడుకోవడానికి ఆ పెంచినదాన్ని వెనక్కి లాక్కుంటుంది. గోదావరికి వరద రాగానే కాలువ తలుపులు దించేసినట్టు, శబ్దాన్ని హద్దులో ఆపే లిమిటర్ పడిపోతుంది. దుకాణంలో గుండెకు తగిలిన బేస్ పందిట్లో పీలగా మారేది అందుకే. నీ గిటార్, నీ ప్రీఆంప్ పట్టుకెళ్లి, డ్రమ్స్ పక్కన వాయించేంత శబ్దంలో కింది ఇ మీద పావుగంట వాయించు. లిమిట్ దీపం మాటిమాటికీ వెలిగితే ఆ బాక్సు నీకు చిన్నది. పాడేవాళ్లను, బేస్‌ను ఒకే పన్నెండు అంగుళాల బాక్సులో కలపడం కూడా ఇందుకే కుదరదు. నువ్వు గట్టిగా మీటిన ప్రతిసారీ వాళ్ల గొంతు నొక్కుకుపోతుంది.

బాక్సు వెనుక స్పీచ్, మానిటర్ అనే అమరికలు కింది స్థాయిని కోసేస్తాయి. నీది ఎప్పుడూ మ్యూజిక్ లేదా ఫ్లాట్ మీద ఉండాలి. మిక్సర్‌లో చాలా చానెళ్లకు లో కట్ అని ఒక బొత్తాం ఉంటుంది, 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. మైక్‌లకు మంచిదే. నీ చానెల్‌లో అది నొక్కి ఉందేమో స్టేజీ ఎక్కగానే చూసుకో. మైక్ సెట్ కుర్రవాళ్లు అలవాటుగా అన్నిటికీ నొక్కేస్తారు. నీ ప్రీఆంప్‌లో 35 హెర్ట్జ్ దగ్గర కోసే ఫిల్టర్ ఉంటే మాత్రం వాడు. గాలి పోయే రంధ్రం (పోర్టు) ఉన్న పెట్టెల్లో ఆ కిందకు పోయే శబ్దానికి స్పీకర్ గరాటు (కోన్) అదుపు లేకుండా ఊగుతుంది, వినబడేదేమీ ఉండదు.

చర్చి హాల్లో బాక్సును స్టాండు ఎక్కించకు. నేల మీద పెడితే కింది స్వరాలకు నేల బలం తోడవుతుంది. మూలకు నెడితే ఇంకా పెరుగుతుంది, అది మరీ ఎక్కువై గుమ్మంటే రెండడుగులు ముందుకు జరుపు. మీ ఇంట్లో నువ్వు సాధన చేసే గదిలో గోడకూ గోడకూ మధ్య మూడు మీటర్లే కాబట్టి సుమారు 57 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగుతుంది. ఎ తీగ 55 హెర్ట్జ్, అందుకే అది మిగతావాటికంటే హోరెత్తుతోంది. గిటార్ బాగు చేయించే పని పెట్టుకోకు. చెక్కబల్లలతో కట్టిన స్టేజీ బోలుగా ఉంటుంది, అక్కడ బాక్సు కింద మందపాటి స్పాంజి వెయ్యి.

బయట పందిట్లో లెక్క వేరు. అక్కడ కింది స్వరాలను నిలబెట్టే గోడలుండవు. ప్రభల తీర్థం లాంటి జనంలో ఒక్క బాక్సుతో నెగ్గలేవు. నీ ధ్వని మిక్సర్ ద్వారా కింది స్వరాల కోసమే ఉండే 18 అంగుళాల సబ్‌లకు వెళ్లాలి, నీ బాక్సు నీకు వినబడటానికే. అప్పుడు దాన్ని తక్కువగా పెట్టుకో. లేకపోతే గాయకుల మైక్‌లలోకి చేరి పాట బురదైపోతుంది.

ఈ ఒక్కటీ మాత్రం ప్రమాణం చేసినట్టు పాటించు. గుర్రుమని 50 హెర్ట్జ్ శబ్దం వస్తోందని ఎవరైనా ప్లగ్గు మూడో పిన్ను విరవమంటే వినవద్దు. మన నేల ఎప్పుడూ తడి. చేతిలో లోహపు తీగలు, పెదవికి మైక్, కాళ్ల కింద చెమ్మ. ఎర్త్ లేకపోతే ప్రాణాలు పోతాయి. డీఐ మీద సిగ్నల్ వైరు గ్రౌండును మాత్రమే విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్నది ఈ శబ్దం కోసమే. జనరేటర్ ఉన్నచోట కరెంటు 230 వోల్టుల దగ్గర నిలకడగా ఉందో లేదో మీటర్‌తో చూశాకే గుచ్చు. బాక్సును అన్నిటికంటే చివర ఆన్ చేసి, అన్నిటికంటే ముందు ఆఫ్ చెయ్యి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులు పచ్చబడతాయి, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడువు.

కొనే ముందు ఆ బాక్సు వివరాల కాగితం ఫోటో తీసి నాకు పంపు. మైనస్ 3 దగ్గర ఎంతో అందులో లేకపోతే దుకాణదారుణ్ణి అడిగి రాయించు. అక్కకు నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య