ఇన్ని కళ్లు చూస్తున్నా పొరపాటు ఎక్కడ?

ప్రశ్న: అఫ్గానిస్తాన్‌లోని సైనికుల కోసం డ్రోన్ వీడియోను అమెరికాలో కూర్చుని అంతమంది చూసేవారు కదా, మామూలు ప్రయాణికుల మీద దాడి ఎలా జరిగింది? కెమెరా లోపమా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కెమెరా పాత్ర కొంత ఉంది. ఎత్తు నుంచి తీసిన వీడియోలో చేతిలోది తుపాకో కర్రో తేల్చడం కష్టం. కానీ అసలు దెబ్బ మాట చేతులు మారడంలో తగిలింది.

2010 ఫిబ్రవరి 21న అఫ్గానిస్తాన్‌లోని ఉరుజ్గాన్ రాష్ట్రంలో, డ్రోన్ గమనిస్తున్న మూడు వాహనాలపై అమెరికా హెలికాప్టర్లు క్షిపణులు పేల్చాయి. చనిపోయిన సామాన్యులు 23 మంది దాకా ఉంటారని అమెరికా సైనిక విచారణే చెప్పింది. వీడియోను విశ్లేషించే స్క్రీనర్లు ఫ్లోరిడాలో, డ్రోన్ సిబ్బంది నెవాడాలో, దాడికి ఆదేశమివ్వాల్సిన కమాండర్ అఫ్గాన్ నేల మీద. స్క్రీనర్లు చాట్‌లో టైప్ చేస్తారు, డ్రోన్ సిబ్బంది చదువుతారు, పైలట్ రేడియోలో కింది దళానికి చెబుతాడు. చాట్‌లో గొంతు వినపడదు కాబట్టి రాసినవారి తటపటాయింపు అక్కడే పోతుంది. పిల్లలున్నారని స్క్రీనర్లు రాస్తే, ఆ వేళప్పుడు పిల్లలెందుకుంటారని సిబ్బంది కొట్టిపారేశారు. చివరికి కింది దళానికి అందింది పదేళ్లు దాటిన కుర్రాడు ఒకడున్నాడన్న కబురు. తెల్లవారుజామున ప్రయాణికులు దిగి నమాజు చేస్తే అదీ శత్రువు లక్షణంగానే కనిపించింది. ముందే ఒక అభిప్రాయానికి వచ్చేసిన మనసు కంటబడిన ప్రతిదాన్నీ దానికే సాక్ష్యంగా మలుచుకుంటుంది. నన్నడిగితే అలసటకంటే ఇదే ప్రమాదకరం.

అలసట సంగతీ తెలిసిందే. నిఘా పనిలో అరగంట దాటితే చిన్న మార్పులు పట్టుకునే శక్తి తగ్గుతుందని 1948లోనే మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గడియారం ముల్లు కదలికల్ని గమనించే పరీక్షతో చూపించాడు. అందుకే తెర ముందు మనిషిని తరచూ మార్చాలి. దిగిపోయేవారు ఏం చూశారో, ఏది ఇంకా తేలలేదో విడివిడిగా రాసి అప్పగించాలి.

రిపోర్టులోనూ అంతే. 'తుపాకీ ఉంది' అని రాయకూడదు, 'పొడవాటి వస్తువు, తుపాకీ కావచ్చు' అని రాయాలి. ఆ 'కావచ్చు' చివరిదాకా చేరిందో లేదో తెలియాలంటే, కమాండర్ తాను విన్నదాన్ని తిరిగి చెప్పాలి, అది స్క్రీనర్ చెవిన పడాలి. ఉరుజ్గాన్‌లో స్క్రీనర్లకూ కమాండర్‌కూ మధ్య నేరుగా మాట్లాడుకునే దారే లేకపోయింది.