థాయ్‌లాండ్, కాంబోడియా, లావోస్: టూరుకు వెళ్లండి, ఆ ఉద్యోగానికి మాత్రం వద్దు

మీరు రెండు విషయాలు అడిగారు. అమ్మానాన్నలను తీసుకుని థాయ్‌లాండ్, కాంబోడియా చూసి రావచ్చా అన్నది ఒకటి. బ్యాంకాక్ దగ్గర డేటా ఎంట్రీ ఉద్యోగం వచ్చిందంటున్న మీ తమ్ముణ్ని పంపవచ్చా అన్నది రెండోది. టూరుకు నిశ్చింతగా వెళ్లండి. తమ్ముణ్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి. ఒకే ప్రాంతానికి రెండు జవాబులేమిటని మీకు అనిపించవచ్చు. ఈ తేడా తెలియకే మన పిల్లలు అక్కడి సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకుంటున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

హైదరాబాద్ నుంచి తెలుగు కుటుంబాలను ఆ దేశాలకు తీసుకువెళ్లి తీసుకురావడమే చాలా ఏళ్లుగా నా వృత్తి. నేను గమనించిందేమిటంటే, పర్యాటకుణ్ని ఈ దేశాలన్నీ బాగానే చూసుకుంటాయి. సరిహద్దు నేరం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్కో ప్రభుత్వానిది ఒక్కో తీరు.

థాయ్‌లాండ్‌లో లక్షల కుటుంబాలు పర్యాటకం మీదే బతుకుతున్నాయి. అందుకే విదేశీయుల కోసం ప్రత్యేకంగా టూరిస్టు పోలీసులు ఉన్నారు. 1155కు ఫోన్ చేస్తే ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. మా బృందంలో ఒక పెద్దావిడ పాస్‌పోర్టులున్న సంచిని టాక్సీలో మరచిపోతే, వాళ్లు హోటల్ బయటి కెమెరాలో బండి నంబరు చూసి సాయంత్రానికల్లా సంచి తెప్పించారు. అదే పోలీసులు చట్టం దగ్గర మొహమాటపడరు. ఇ-సిగరెట్ అక్కడ నిషేధం, జేబులో ఉంటే ఇబ్బంది తప్పదు. 2022లో గంజాయి మీద ఆంక్షలు ఎత్తేశారన్న మాట పట్టుకుని ఇప్పటికీ కొందరు కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. 2025 జూన్ నుంచి డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్నారు. పొరపాటున సామానులో శంషాబాద్ దాకా వచ్చిందా, ఇక్కడ జైలే.

మనవాళ్లకు థాయ్‌లాండ్ 2023 నవంబరులో వీసా లేకుండా ప్రవేశం ఇచ్చింది. 2024 జూలైలో అలా ఉండే గడువును 60 రోజులకు పెంచింది. ఈ నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనే ముందు ఒకసారి సరిచూసుకోండి. టూరుకు వెళ్లేవాళ్లకు ఇది గొప్ప సౌకర్యమే. కానీ ముఠాలు మనుషులను దాటించేది కూడా ఈ తలుపులోంచే. కుర్రాడు పర్యాటకుడిగా బ్యాంకాక్‌లో దిగుతాడు. అతని పేరు రాసిన బోర్డు పట్టుకుని ఒకరు కారుతో సిద్ధంగా ఉంటారు. కారు నగరంలో ఆగదు, రాత్రంతా పోయి మయన్మార్ సరిహద్దులోని మే సోట్ చేరుతుంది.

మే సోట్ నేను స్వయంగా చూసిన ఊరు. అక్కడి మోయి నది వేసవిలో మన పల్లెటూరి వాగంత ఉంటుంది. ఇవతలి గట్టున సిగరెట్లు, మద్యం, రంగురాళ్లు అమ్మే దుకాణాలు. అవతల మయన్మార్‌లోని మ్యావడీ. పక్కనే స్నేహ వంతెన ఉంది, దాని మీద ఇమిగ్రేషన్ అధికారులూ ఉన్నారు. దాని కిందే పట్టపగలు చిన్న పడవలు, గాలి నింపిన ట్యూబులు ఇటూ అటూ తిరుగుతుంటే చూశాను. దాటడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలతో థాయ్ చట్టం వెనకబడిపోతుంది. అవతల నేలను ఏలుతున్నది స్థానిక సాయుధ వర్గాలు. కేకే పార్క్ లాంటి సైబర్ మోసాల స్థావరాలు వాటి నీడలోనే పెరిగాయి.

నేరం విషయంలో థాయ్ ప్రభుత్వం ఆలస్యంగా మేలుకుందన్నది నా అభిప్రాయం. 2025 జనవరిలో ఒక చైనా నటుణ్ని ఇదే దారిలో దాటించిన సంగతి బయటపడి చైనా పర్యాటకులు వెనకాడారు. ఆ తర్వాతే, ఫిబ్రవరి 5న, సరిహద్దులోని ఐదు చోట్ల అవతలికి వెళ్లే కరెంటు, ఇంధనం, ఇంటర్నెట్ ఆపేశారు. ఆ ఒత్తిడి పనిచేసింది. మార్చిలో మన వైమానిక దళం విమానాలు రెండు రోజుల్లో 549 మంది భారతీయులను మే సోట్ నుంచి తీసుకువచ్చాయి. వారిలో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. అక్టోబరులో మయన్మార్ సైన్యం కేకే పార్క్ మీద దాడి చేసినప్పుడు 1,500 మందికి పైగా నది దాటి పారిపోయి వచ్చారు. అలా వచ్చినవాళ్లను కూడా థాయ్ అధికారులు ముందు అక్రమంగా ప్రవేశించినవాళ్లుగానే చూస్తారు. తాను బాధితుణ్నని విచారణలో నిరూపించుకునే భారం ఆ పిల్లవాడి మీదే పడుతుంది.

లావోస్ తీరు వేరు. ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ రాయ్ టూరులో గోల్డెన్ ట్రయాంగిల్ దగ్గర మెకాంగ్ ఒడ్డున ఫొటోలు తీసుకుంటారు చూడండి, అక్కడి నుంచి అవతల బంగారు కిరీటం పెట్టిన క్యాసినో కనిపిస్తుంది. ఆ నేలను లావోస్ ప్రభుత్వం 2007లో ప్రత్యేక ఆర్థిక మండలిగా ఒక చైనా వ్యాపారి కంపెనీకి 99 ఏళ్లకు రాసిచ్చింది. అక్కడ గడియారాలు చైనా సమయం చూపిస్తాయి, చేతులు మారేది యువాన్. 2024 ఆగస్టులో మన ఎంబసీ ఆ మండలిలోని సైబర్ మోసాల స్థావరాల నుంచి 47 మందిని విడిపించింది. అదే దేశంలో లువాంగ్ ప్రబాంగ్ వీధుల్లో అర్ధరాత్రి ఒంటరిగా నడిచినా ఏ భయమూ ఉండదు.

కాంబోడియాలో ప్రభుత్వం బలంగానే ఉంది, అందుకే అక్కడి సంగతి నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. సిహనూక్‌విల్‌లో క్యాసినోల కోసం కట్టిన భవనాలు, ఆన్‌లైన్ జూదాన్ని 2019లో నిషేధించాక, ఆపైన కోవిడ్ వచ్చాక ఖాళీ అయ్యాయి. చాలావాటిలో ఈ ముఠాలు చేరాయి. బయటి దేశాలు గట్టిగా అడిగినప్పుడు దాడులు జరుగుతాయి, కొన్నాళ్లకు మరోచోట మొదలవుతుంది. 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నప్పుడు ఇది తెలుగునాట పెద్ద వార్త అయింది.

మన పిల్లలే ఎందుకంటారా? వాళ్లకు తెలుగు వచ్చు కాబట్టి. పెట్టుబడి పథకమనో, డిజిటల్ అరెస్ట్ అనో కూకట్‌పల్లిలో రిటైరైన ఉద్యోగిని నమ్మించాలంటే తెలుగులో మాట్లాడే గొంతు కావాలి. ఇక్కడ పొదుపంతా పోగొట్టుకున్నవారూ మనవారే, అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, దెబ్బలు కొట్టి ఫోన్ చేయిస్తున్నదీ మన బిడ్డ చేతే. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

ఏజెంటు ఇచ్చే కాగితం ఎలా ఉంటుందో చెబుతాను, మీ తమ్ముడి దానితో పోల్చి చూడండి. జగిత్యాల నుంచి ఒక తండ్రి కొడుక్కి వచ్చిన ఆఫర్ లెటర్ పట్టుకుని టికెట్టు కోసం మా ఆఫీసుకు వచ్చారు. పైన రంగుల లోగో ఉంది, కింద చిరునామా లేదు. నెలకు 1,000 డాలర్లు, తిండి, వసతి ఉచితం. అర్హత దగ్గర టైపింగ్ వేగం తప్ప చదువు ఊసే లేదు. పనిచేసే చోటు ‘బ్యాంకాక్ సమీపం’ అని రాసి, టికెట్టు మాత్రం మే సోట్ దాకా తీయమన్నారు. ఆ రెంటికీ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల దూరం. వీసా సంగతి అడిగితే, టూరిస్టుగా దిగితే చాలు, మిగతాది అక్కడ చూసుకుంటామన్నారట. నిజమైన కంపెనీ అయితే మామూలుగా ఇక్కడే పని వీసాకు కాగితాలు పంపుతుంది. ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి పటం తీసి చూపించాను. కొడుకును పంపలేదు.

ఇక మీ టూరు సంగతి. బ్యాంకాక్ నుంచి బస్సులో సరిహద్దు ఊరు పోయిపేట్ మీదుగా సియెం రీప్ వెళ్లాలన్న ఆలోచన మానుకోండి. 2025లో రెండు దేశాల మధ్య పోరు జరిగి భూమార్గాలు మూతపడ్డాయి. ఆ తగువులో పాత ముడి ప్రేహ్ విహార్ అనే శివాలయం, అంతర్జాతీయ న్యాయస్థానం 1962లోనే దాన్ని కాంబోడియాకు ఇచ్చింది. మీరు విమానంలో వెళ్లండి. సియెం రీప్ దగ్గరి అంగ్‌కోర్ ఆలయాల టికెట్టు ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. పెద్దవాళ్లతో ఒక్కరోజులో చూడాలనుకోకండి, మూడు రోజులదే తీసుకోండి. కాంబోడియాలో డాలర్లు అంతటా చెల్లుతాయి, చిల్లర రియెల్‌లో ఇస్తారు. అంచు కాస్త చిరిగిన డాలరు నోటు ఎవరూ తీసుకోరు కాబట్టి ఇక్కడే కొత్త నోట్లు అడిగి తీసుకోండి. నాన్నగారు శాకాహారి అన్నారు. కూరగాయల వంటకంలో కూడా చేపల సాస్ వేస్తారు, ముందే అడగాలి. పచ్చడి, పొడి పట్టుకెళ్లడంలో నామోషీ ఏమీ లేదు, మా బృందాలన్నీ పట్టుకెళ్తాయి.

మీ తమ్ముడికి విదేశంలో పనే కావాలంటే కేంద్రం ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి వసూలు చేయకూడదు. విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా అడగండి. మీకు తెలిసినవారు ఎవరైనా ఇప్పటికే అక్కడ చిక్కుకుని ఉంటే, విడిపిస్తానంటూ డబ్బు అడిగే ఏజెంటుకు రూపాయి కట్టకముందే ఆ దేశంలోని మన ఎంబసీకి రాయండి. పాస్‌పోర్టు నకలు, చివరిసారి పంపిన లొకేషన్, ఏజెంటుతో జరిగిన వాట్సాప్ సంభాషణ జతచేయండి. విదేశాంగ శాఖ ఫిర్యాదుల కోసం నడిపే మదద్ పోర్టల్‌లోనూ నమోదు చేయండి, ఇక్కడి పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. ఆఫర్ లెటర్‌లో పేర్లు, నంబర్లు కనిపించకుండా చేసి ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.