సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ ఒకే ట్రిప్పులో: కావలి నుంచి వెళ్లేవాళ్లు టికెట్లు ఎలా కొనాలి?

దసరా సెలవుల్లో మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, మీ అమ్మగారు కలిసి తొమ్మిది రోజుల్లో ఈ మూడు ఊళ్లూ చూడాలన్నారు. ఏజెంటు మాత్రం చెన్నై–బ్యాంకాక్ రానూపోనూ టికెట్ తీసుకోండి, మిగతావి అక్కడి నుంచి చూసుకుందాం అంటున్నాడని రాశారు. అన్నీ ఒకే టికెట్ మీద కొనాలా, విడివిడిగానా అన్నది మీ ప్రశ్న.

ముందు ఆ రానూపోనూ టికెట్ వద్దని చెప్పండి. మ్యాప్ తీసి చూస్తే సింగపూర్ అడుగున ఉంటుంది, దానికి పైన కౌలాలంపూర్, ఇంకా పైన బ్యాంకాక్. మూడూ ఒకే వరస. బ్యాంకాక్‌లో దిగి సింగపూర్ దాకా వెళ్లి, ఇంటికి రావడం కోసం మళ్లీ బ్యాంకాక్ వెళ్లడమంటే ఐదుగురికి ఇంకో విమానం ఖర్చు, ఒక పూట దండగ. సింగపూర్‌లో దిగండి, బ్యాంకాక్ నుంచి చెన్నై వచ్చేయండి. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊళ్లో తిరుగు విమానం ఎక్కే ఈ పద్ధతిని ఓపెన్ జా అంటారు. బుకింగ్ సైట్లలో మల్టీ సిటీ అని ఉంటుంది. అందులో మొదటి వరసలో చెన్నై–సింగపూర్, రెండో వరసలో బ్యాంకాక్–చెన్నై వేస్తే చాలు.

మేం మా అమ్మానాన్నలను తీసుకెళ్లినప్పుడు సింగపూర్‌లో దిగి కౌలాలంపూర్ నుంచి తిరిగొచ్చాం. ఆ రెండు ఊళ్ల మధ్య విమానం కాదు, బస్సు ఎక్కాం. దాదాపు 350 కిలోమీటర్లు, ఐదారు గంటలు పడుతుంది. విమానం గాల్లో ఉండేది గంటే గానీ, సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీకి ముందుగా చేరడం, కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి మరో 50 కిలోమీటర్లు వెళ్లడం కలుపుకుంటే మిగిలేది పెద్దగా లేదు. పైగా దారిలో మలక్కా ఉంది, అక్కడ ఒక రాత్రి ఆగొచ్చు. సరిహద్దు దగ్గర మాత్రం రెండుసార్లు దిగాలి: సింగపూర్ వైపు ఒకసారి, సామానుతో సహా మలేషియా వైపు ఒకసారి. శుక్రవారం సాయంత్రం అక్కడ జనం కిటకిటలాడతారు, ఆ రోజు పెట్టుకోకండి.

ఇక అసలు ప్రశ్న. చౌక విమాన సంస్థలు ఏ ముక్కకా ముక్క వన్ వే ధరలోనే అమ్ముతాయి, కాబట్టి వాళ్ల దగ్గర మల్టీ సిటీలో కొన్నా పెద్దగా తగ్గదు. పెద్ద సంస్థల్లో అలా కాదు. వన్ వే విడిగా కొంటే ఒక్కోసారి రానూపోనూ ధరకు దగ్గరగా ఉంటుంది, ఓపెన్ జాలో కొంటే బాగా తగ్గుతుంది. కానీ మీ రూటుకు ఒక చిక్కుంది. ఉదాహరణకు సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో రెండు ముక్కలూ కలిపి కొంటే, తిరుగు ప్రయాణంలో బ్యాంకాక్ నుంచి సింగపూర్ తీసుకెళ్లి అక్కడ విమానం మార్పించి చెన్నైలో దించుతారు. బ్యాంకాక్ నుంచి నేరుగా వస్తే మూడున్నర గంటల ప్రయాణం! పెద్దావిడతో వెళ్తున్నారు కాబట్టి, ధరలో మరీ తేడా లేకపోతే పోయేది ఒకరి దగ్గర, వచ్చేది ఇంకొకరి దగ్గర, రెండూ నేరు విమానాలు విడిగా కొనమంటాను. కౌలాలంపూర్–బ్యాంకాక్ ఎలాగూ విడి టికెట్టే, రెండు గంటల విమానం.

విడి టికెట్లతో ఉన్న ప్రమాదం ఒక్కటే. ఒకే పీఎన్‌ఆర్ మీద రెండు విమానాలుంటే, మొదటిది ఆలస్యమై రెండోది పోయినా ఇంకో విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లదే. సామాను కూడా మామూలుగా చివరి ఊరి దాకా వెళ్లిపోతుంది. విడిగా కొంటే ఎవరికి వారే. అందుకే రెండు విడి టికెట్ల మధ్య కనీసం ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి. మాకు ప్రయాణానికి కొన్ని వారాల ముందు ఎయిర్‌లైన్ వాళ్లు పొద్దుటి విమానాన్ని రాత్రికి మార్చామని మెయిల్ పంపారు. ఆ రోజు మాకు ఇంకో విమానం లేదు కాబట్టి కౌలాలంపూర్‌లో ఇంకో పూట తిరిగాం, అంతే. అదే సాయంత్రానికి ఇంకేదైనా కనెక్షన్ పెట్టుకుని ఉంటే ఆ డబ్బులు గంగపాలే.

ఒకే టికెట్టుకూ ఒక షరతుంది: మధ్యలో ఒక ముక్క ఎక్కకపోతే తర్వాతి ముక్కలన్నీ రద్దవుతాయి. బస్సులో వెళ్దాంలే, ఆ విమానం వదిలేద్దాం అనుకోవడానికి లేదు.

బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులున్నాయి, సువర్ణభూమి (బీకేకే), డాన్ మువాంగ్ (డీఎంకే). ఒకటి ఊరికి ఈ చివర, ఇంకోటి ఆ చివర. టికెట్ మీద బీకేకే అని ఉందా, డీఎంకే అని ఉందా చూసి హోటల్ తీసుకోండి. కౌలాలంపూర్‌లో ఎయిర్ ఏషియా వాళ్లది టెర్మినల్ 2.

చెన్నైయా హైదరాబాదా అని కూడా అడిగారు. కావలి వాళ్లకు ఆలోచనే అక్కర్లేదు, చెన్నైయే. ఒంగోలు వాళ్లకైనా నేను అదే చెబుతాను. అయితే చెన్నై నుంచి ఈ దేశాలకు చాలా విమానాలు అర్ధరాత్రి వేళ ఉంటాయి. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే మీరు 14 రాత్రికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఇక్కడే చాలామంది తేదీ తప్పుతారు. రైలులో సెంట్రల్‌లో దిగితే అక్కడి నుంచే బ్లూ లైన్ మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకు వెళ్తుంది, పెట్టెలతో ఐదుగురికీ అదే సుఖం. తెల్లవారుజామున దిగితే మెట్రో ఉండదు, కారు మాట్లాడుకోవాలి. సొంత కారైతే సూళ్లూరుపేట, తడ దాటాక రెడ్ హిల్స్ దగ్గర బైపాస్ పట్టండి, ఊళ్లోకి దూరొద్దు.

సింగపూర్‌కు వీసా కావాలి. దానికి ప్రయాణానికి 30 రోజుల లోపే దరఖాస్తు చేయమంటారు. టికెట్లేమో అంతకన్నా ముందే కొనాలి. కాబట్టి సింగపూర్ టికెట్ మాత్రం తేదీ మార్చుకోవడానికి వీలున్న రకం తీసుకోండి, ఆ కాస్త ఎక్కువ పెట్టడం దండగ కాదు. మలేషియా 2023 డిసెంబర్ నుంచి, థాయ్‌లాండ్ 2023 నవంబర్ నుంచి మనవాళ్లను వీసా లేకుండా రానిస్తామన్నాయి గానీ ఈ నిబంధనలు మారుతుంటాయి, కొనే రోజు మళ్లీ చూసుకోండి. మూడు దేశాలకూ చేరే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. డబ్బులడిగే సైట్ల జోలికి వెళ్లొద్దు, ప్రభుత్వ సైట్లలో అది ఉచితం. వన్ వే టికెట్లతో వెళ్తున్నారు కాబట్టి ముందుకు వెళ్లే టికెట్లన్నీ ప్రింట్ తీసి పెట్టుకోండి, చెన్నై కౌంటర్‌లోనే అడగొచ్చు.

ధరలు పోల్చేటప్పుడు కాగితం మీద ఐదుగురికీ సామానుతో కలిపి లెక్కేయండి. చౌక టికెట్లలో చాలావరకు చేతి బ్యాగు 7 కిలోలే, పెట్టెకు విడిగా కట్టాలి. ఆ డబ్బు బుకింగ్‌లోనే కడితే తక్కువ, కౌంటర్ దగ్గర వాత పెడతారు. అక్కడి చుట్టాలకు మలైకాజా, ఆవకాయ పట్టుకెళ్లే ఉద్దేశం ఉంటే ఆ బరువూ కలపండి, ఆవకాయ చేతి బ్యాగులో రానివ్వరు.

పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయండి. మన ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉందా, అసలు పేరుతో కలిసిపోయి ఉందా అన్నది ఒక్కొక్కరిదీ విడిగా చూడండి. ముఖ్యంగా మీ అమ్మగారిది. పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఒక్కోసారి ఆ గడి ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు టికెట్ మీద ఎలా వేయాలో ఆ ఎయిర్‌లైన్ వాళ్లకే ఫోన్ చేసి అడిగి, ఆ తర్వాత కొనండి. ఆవిడకు వీల్‌చైర్ కూడా అప్పుడే చెప్పేయండి. నడవలేని స్థితిలో ఉండక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్నా అడగొచ్చు. చాంగీలో నడక చాలా ఎక్కువ. టికెట్లు విడివిడిగా కొంటారు కాబట్టి ప్రతి ఎయిర్‌లైన్‌కూ వేరుగా చెప్పాలి.