ఆ పెళ్లిని రెండు వాక్యాల్లో తేల్చేస్తే ఎలా?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల అందింది. ఏకబిగిన చదివాను. 1930, కోనసీమ, ఓ మండువా లోగిలి. ఇంటాయన వీధరుగు మీద పేపరు పట్టుకుని దండి యాత్ర గురించి మాట్లాడతాడు. పదకొండు పేజీలు మాట్లాడతాడు! ఆ సందట్లో ఎనిమిదేళ్ల కూతురి పెళ్లి మాత్రం రెండు వాక్యాల్లో అయిపోయింది. నన్నడిగితే నీ నవలంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

బాల్యవివాహాల్ని ఆపడానికి శారదా చట్టం 1929 సెప్టెంబరులో వచ్చింది. పెళ్లికి ఆడపిల్లకి 14 ఏళ్లు, మగపిల్లాడికి 18 నిండాలంది. అమలు మాత్రం 1930 ఏప్రిల్ 1 నుంచి. ఆ తర్వాత చేస్తే తండ్రికి నెల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జుల్మానా. ఇంకేముంది, మధ్యలో దొరికిన ఆర్నెల్లలో ముహూర్తాల కోసం పరుగులు. గాంధీగారు ఉప్పు కోసం నడుస్తున్న ఆ ఫాల్గుణంలోనే ఇక్కడ పసిపిల్లల మెళ్లో పుస్తెలు పడుతున్నాయి. పేపరు చదివే ఆ పెద్దమనిషి రెండూ చేస్తున్నాడు. అది చూపించు.

గడువు దాటిపోయినవాళ్లకి యానాం ఉండనే ఉంది. అప్పట్లో ఫ్రెంచివాళ్ల ఏలుబడి కనక మన చట్టం అక్కడ చెల్లేది కాదు. పిల్లల్ని పడవలో గౌతమి దాటించి పెళ్లి చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరే వచ్చింది. గౌతమికి ఈ ఒడ్డున నేరం, ఆ ఒడ్డున శుభకార్యం! చారిత్రక నవల రాసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ పడవ ఎక్కు. పెళ్లికూతురు నిద్రపోతోందా? మేనమామ చంక దిగనని మారాం చేసిందా? ఎవరి పట్టుచీర ఎన్ని మడతలేసి ఆ బుల్లి నడుముకి చుట్టారు? ఆకలేసి అరిసె అడిగితే తల్లి ఏమని ఊరుకోబెట్టింది? ఇవేవీ గెజిట్లో దొరకవు. మీ అత్తగారి తల్లి ఇంకా ఉన్నారన్నావుగా, పక్కన కూర్చో. వాళ్లమ్మ పెళ్లి ఎలా జరిగిందని అడక్కు, "ఘనంగా చేశారటమ్మా" అని ఊరుకుంటారు. ఏం వండారో అడుగు.

ఇక ఆ తండ్రి. అతన్ని ఒట్టి మూర్ఖుణ్ణి చేశావు. నీకు పని తేలికైంది కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. రాబోయే కాలం నీకు తెలుసు, అతనికి తెలీదు. మా అమ్మాయికి ముప్పై ఆరు. పెళ్లి మాటెత్తితే ఫోన్ పెట్టేస్తుంది. దాని ఇష్టం దానిదేనని సభల్లో గట్టిగానే చెబుతాను. రాత్రి పడుకున్నాక మాత్రం గుబులు. నలుగురూ ఏమంటారో, నేను పోయాక దీనికెవరో అని. అతనిదీ ఆ గుబులే. అతను చేసింది తప్పే. అయినా ఆ రాత్రి అతనికి నిద్ర పట్టి ఉండదు.

చిన్న సంగతి. పురోహితుడికి యాభై పైసలు ఇప్పించావు. 1957 దాకా మనకి రూపాయికి పదహారణాలు. అర్ధరూపాయి అను, సరిపోతుంది.

ఇంట్లో రాసుకోనివ్వడం లేదని వాపోయావు. ఎవరింట్లోనూ రాసుకోనివ్వరు. మీ అత్తగారు గొణిగేది వింటూ రాయి, నీ సంభాషణలకి ఆ ఉప్పూకారం కావాలి కూడా.

దండి యాత్రని ఒక పేజీకి కుదించు. మిగతా పదీ పడవకి ఇచ్చెయ్. సంక్రాంతికి మేం కాకినాడ వస్తున్నాం, అప్పటికి ఆ అధ్యాయం ఒక్కటీ తిరగరాసి తీసుకురా. మీ ఆయన్ని అడిగానని చెప్పు.