మామగారి తుపాకీ ఇప్పుడు ఎవరిది?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర ఒక పల్లెటూరు. మా మామగారు నిరుడు కాలం చేశారు. ఆయన పేరు మీద లైసెన్సు ఉన్న 12 బోర్ (గొట్టం వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ, దానితో పాటు కొన్ని తూటాలు అటక మీద ట్రంకుపెట్టెలో అలాగే ఉన్నాయి. మావారు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో నేను, మా అత్తగారు, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు ఉంటాము. పెద్దాయన గుర్తుగా ఆ తుపాకీని ఉంచుకోవాలని అత్తగారి కోరిక. పెట్టెకు మంచి తాళం వేస్తే సరిపోతుందా?

జవాబు: తాళం సంగతి తరువాత చూద్దామమ్మా. ముందుగా తేలవలసింది ఆ తుపాకీ మీ ఇంట్లో ఉండవచ్చా అన్నది. ఆయుధ లైసెన్సు మనిషికి ఇచ్చేదే గాని ఇంటికి ఇచ్చేది కాదు. పొలం, ఇల్లు వారసులకు సంక్రమించినట్టు లైసెన్సు సంక్రమించదు. మామగారు పోయిన నాటి నుండి ఆ లైసెన్సు పుస్తకం మీకు రక్షణ ఇవ్వదు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 21వ సెక్షను ప్రకారం, ఏ కారణం చేతనైనా ఆయుధాన్ని దగ్గర ఉంచుకునే హక్కు పోయినప్పుడు, అనవసరమైన జాప్యం లేకుండా దానిని దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని, నిబంధనలకు లోబడి లైసెన్సు కలిగిన ఆయుధాల డీలరు వద్ద గాని జమ చేయవలసి ఉంటుంది. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉన్నందుకు, 2019 సవరణ తరువాత, రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా కూడా పడవచ్చు.

ఎవరూ ముట్టుకోకుండా అటక మీద పడి ఉన్న వస్తువు మా చేతిలో ఉన్నట్టా అని మీకు అనిపించవచ్చు. ఆయుధాల కేసుల్లో చేతిలో పట్టుకుని ఉండటం ఒక్కటే స్వాధీనం కాదని, వస్తువు ఉన్నదన్న ఎరుక, దాని మీద అదుపు ఉంటే చాలునని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. పెట్టె ఎక్కడ ఉందో, అందులో ఏముందో మీకు తెలుసు, తాళంచెవి మీ దగ్గర ఉంది. అందువల్ల ఎంత మంచి తాళం వేసినా అది పిల్లలను కాపాడుతుందేమో గాని మిమ్మల్ని కాపాడదు.

ఇక చేయవలసినది చెబుతాను. తుపాకీని తీసి తుడిచి చూడాలన్న ఆలోచన మానుకోండి. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న తుపాకీలో తూటా లేదని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఉన్నట్టే అనుకుని పెట్టెను అలాగే ఉంచి, పిల్లలకు ఆ అటక అందకుండా చూసి, స్టేషనుకు వెళ్లి ఎస్‌ఐ గారికి రాతపూర్వకంగా తెలియజేయండి. లైసెన్సు లేని మనిషి తుపాకీని బస్సులోనో ఆటోలోనో వేసుకుని బయలుదేరడం మరో చిక్కు కాబట్టి, దానిని ఎలా చేర్చాలో వారినే అడగండి. దరఖాస్తులో మరణించిన తేదీ, లైసెన్సు నంబరు, తుపాకీ మీద చెక్కిన నంబరు, తెలిసినంతవరకు తూటాల సంఖ్య ఉండాలి. చెక్కిన నంబరు కోసం తుపాకీని బయటికి తీయవలసిన పని లేదు, లైసెన్సు పుస్తకంలోనే ఉంటుంది. ఏడాది ఆలస్యమైనందుకు కారణం ఏదైతే అదే రాయండి, కథలు అల్లవద్దు. మీరై వెళ్లి చెప్పడానికి, సోదాలో దొరకడానికి చాలా తేడా ఉంటుంది. జమ చేసిన ప్రతి వస్తువుకు రశీదు తప్పక తీసుకోండి.

జమ చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్టు కాదు. నిర్ణీత గడువులోగా వారసుల్లో ఒకరు లైసెన్సు పొంది తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవారికి అమ్మి ఆ సొమ్ము పొందవచ్చు. ఏదీ చేయకపోతే జిల్లా మేజిస్ట్రేటు నోటీసు ఇచ్చి, ప్రభుత్వపరం చేస్తారు. వారసులకు లైసెన్సు ఇచ్చే వీలు 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, మిగిలిన వారసులకు అభ్యంతరం లేదన్న ప్రకటన జతచేయాలి. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. పోలీసు విచారణ మామూలే. మీ విషయంలో ఒక మెలిక ఉంది. దరఖాస్తు సాధారణంగా మనిషి నివసించే చోటి అధికారికి చేయాలి. మీవారు హైదరాబాదు చిరునామాతో లైసెన్సు తెచ్చుకుని తుపాకీని మాత్రం బొబ్బిలిలో మీ దగ్గర ఉంచితే కథ మళ్లీ మొదటికే వస్తుంది. ఇక్కడే ఉండే మీరో, మీ అత్తగారో దరఖాస్తు చేయాలి. వాడే అవసరం గాని, నేర్చుకునే ఉద్దేశం గాని లేని ఇంట్లో, ఇద్దరు పిల్లల మధ్య, జ్ఞాపకం కోసం తుపాకీ ఉంచుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. పెద్దాయన చేతికర్రో, కళ్లజోడో ఆ పని చేయదా? అత్తగారికి నచ్చజెప్పి అమ్మివేయడమే మేలు.

ప్రశ్న: సోంపేట ప్రాంతంలో మాకు కొబ్బరి, జీడి తోటలు ఉన్నాయి. నా పేరు మీద 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు ఉంది. తోలు సంచిలో పెట్టి, నగల బీరువాలోనే ఉంచుతాను. ఎంత శుభ్రం చేసినా తుప్పు పడుతోంది. సరైన పద్ధతి ఏది?

జవాబు: తుప్పుకు కారణం చాలావరకు ఆ తోలు సంచే. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. మీ తీరంలో ఉప్పుగాలి దానికి తోడవుతుంది. సంచి తుపాకీని ఒకచోటి నుండి మరొకచోటికి తీసుకువెళ్లడానికే. ఇంట్లో ఉన్నప్పుడు తుపాకీ సంచి లేకుండా ఉండాలి. వాడిన తరువాతనే గాక, చేత్తో పట్టుకున్న ప్రతిసారీ, చెమటలోనూ ఉప్పు ఉంటుంది గనుక, పొడిగుడ్డతో తుడిచి, గొట్టాల లోపల కడ్డీతో శుభ్రం చేసి, తుపాకీ నూనెను పలచగా పట్టించాలి. ఉద్దానంలో అన్నిటికీ కొబ్బరినూనే మందు అనుకుంటారు గాని, అది చలికాలంలో పేరుకుంటుంది, పాతబడితే జిగురవుతుంది, దీనికి పనికిరాదు. బీరువాలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి, అవి తేమ నిండినప్పుడు మార్చండి.

నగల బీరువా అన్నది తుప్పు కంటే పెద్ద పొరపాటు. ఇంట్లో అందరి చేయీ పడే బీరువా అదే, దొంగ మొదట పగలగొట్టేదీ అదే. తుపాకీకి విడిగా ఒక ఉక్కు పెట్టె చేయించి, లోపలి గదిలో గోడకో నేలకో బోల్టులతో బిగించండి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో, వేరే గదిలో ఉంటే ఇంకా మంచిది. ఉంచే ముందు తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు మూయాలి. నిన్న చూశాను కదా అనుకోకూడదు. ట్రిగ్గరుకు తగిలించే తాళాలు కూడా దొరుకుతాయి. అవి పెట్టెకు తోడే గాని బదులు కావు. తాళంచెవులు మీ దగ్గరే ఉండాలి. తలగడ కింద, దేవుడి గూట్లో పెట్టే తాళంచెవులు పిల్లలకు తెలియవని పెద్దలే అనుకుంటారు. ఆయుధాన్ని భద్రంగా దాస్తానని లైసెన్సు కోరేటప్పుడే హామీ ఇవ్వవలసి ఉంటుందని గుర్తు చేస్తున్నాను. లైసెన్సు షరతులు మీరితే ఆరు నెలల వరకు జైలు గాని, రెండు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. దానికి మించి లైసెన్సే రద్దు కావచ్చు.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ ప్రాంతాన్ని ఎలా ఊడ్చుకుపోయిందో మీకు చెప్పనక్కరలేదు. ఇల్లు వదిలి వెళ్లవలసి వస్తుందనిపిస్తే, గాలి మొదలుకాక ముందే తుపాకీని స్టేషనులోనో డీలరు వద్దనో అప్పగించి రశీదు తీసుకోండి. అప్పగించకుండా వెళ్లవలసి వచ్చి, తిరిగి వచ్చేసరికి తాళం పగిలి తుపాకీ కనపడకపోతే వెంటనే ఫిర్యాదు చేయండి.

మీరు అడగకపోయినా తోటల ప్రస్తావన వచ్చింది గనుక మరొక్క మాట. ఎలుగుబంటి తోటలోకి వచ్చిందని కాల్చే అధికారం ఈ లైసెన్సుతో రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి గట్టి రక్షణ ఉంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఆత్మరక్షణకు చేసినది వేరు, జీడిపప్పు కోసం చేసినది వేరు. అటవీశాఖ వారికి కబురు చేయండి.

ప్రశ్న: నేను సైన్యంలో చేసి రిటైరయ్యాను. విశాఖపట్నంలో బ్యాంకు గార్డుగా పని చేసి, ఇప్పుడు ఆమదాలవలస వచ్చి స్థిరపడ్డాను. సొంత తుపాకీ ఉంది. నెలల తరబడి కూతురి ఇంటికి వెళ్లినప్పుడు తుపాకీ పెట్టె తాళంచెవి నా భార్యకు ఇవ్వవచ్చా?

జవాబు: వద్దండి. ఆమెకు లైసెన్సు లేదు, తాళంచెవి ఇవ్వడమంటే అదుపు ఇవ్వడమే. అన్ని రోజులు ఊరు విడిచేటప్పుడు జమ చేసి వెళ్లండి. నివాసం మారిన సంగతిని 30 రోజుల లోపు కొత్తచోటి లైసెన్సింగు అధికారికి, అంటే శ్రీకాకుళం కలెక్టరు గారికి, తెలియజేశారో లేదో మీ కాగితాలు చూసుకోండి. చాలామంది మాజీ సైనికులు మరిచేది ఇక్కడే. ఎన్నికల సమయంలో జమ చేయమని ఉత్తర్వు వస్తే అది కూడా ఆమదాలవలస చిరునామాకే రావాలి కదా.